పదిహేడు చుక్కలు

పోయిన వారం పళ్ళ డాక్టరు ఒకే ఒక్క మాటతో షెడ్డక్క కొంప ముంచాడు. ఆ మాట "సరే".

ఈ కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను. పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి, మీకైనా అంతా గుర్తుందని నాకు పెద్ద నమ్మకం లేదు. షెడ్డక్క అంటే దెబ్బతిన్న కార్లకి రేకు సరిచేసి రంగులేసే షెడ్డు నడిపే మనిషి. వయసు నలభై ఆరు. నోరు గట్టిది, చెయ్యి అంతకన్నా గట్టిది. ఆవిడ భర్తకి ఒక్కతే చెల్లెలు, ఇంట్లో అందరికీ చిట్టి. ఈ చిట్టి ఆసుపత్రిలో నేల కింది అంతస్తులో, కిటికీ అన్నదే లేని ఎక్స్-రే గదిలో పందొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. "ఇన్నేళ్ళూ నెత్తి మీద కాంక్రీటే కదా వదినా, ఇప్పుడైనా కాస్త ఆకాశం కావాలి" అని, పైకప్పు మడిచి వెనక్కి తోసేసే కారు కొంటానని కూర్చుంది. వెతగ్గా వెతగ్గా తన డబ్బుకి కాస్త దగ్గరగా వచ్చేది ఒకటి దొరికింది. ముదురాకుపచ్చ రంగు, యాక్సిడెంటు అయిన బండి, ఒక పళ్ళ డాక్టరుది.

ఆ బండి ఫోటో చూడగానే షెడ్డక్క గుర్తుపట్టింది. ఆరేళ్ళ కిందట ఎడమ పక్క గుద్దించుకుని వచ్చిన ఆ కారుని బాగుచేసింది తనే. చేసి పంపించిన రెండు నెలలకి, ఒకరోజు స్నానం చేస్తుంటే, ఉన్నట్టుండి గుర్తొచ్చింది. తలుపు కింద పొడుగునా పోయే రేకు దూలం లోపల పదిహేడు చోట్ల వెల్డింగు వెయ్యాలి. తను వేసినట్టు గుర్తున్నది ఐదే. మిగతా పన్నెండూ ఎప్పుడు వేసిందో ఎంత తల బద్దలుకొట్టుకున్నా గుర్తు రాలేదు. ఒళ్ళు తుడుచుకోకుండానే ఫోను చేస్తే కారు అప్పటికే చేతులు మారి ఎక్కడికో వెళ్ళిపోయింది. మామూలు కారైతే పైకప్పు కూడా కాస్త బరువు మోస్తుంది. పైకప్పు లేని కారుకి ఉన్నవల్లా ఆ రెండు దూలాలే. అందులో ఒకటి ఐదు అతుకుల మీద నిలబడి ఉంటే, ఏదో ఒక రోజు ఏదో ఒక గుంతలో బండి నడుం విరుగుతుంది. అందులో కూర్చున్నవాళ్ళ సంగతి ఆలోచించినప్పుడల్లా షెడ్డక్కకి నిద్ర పట్టేది కాదు. ఈ మాట ఆరేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్న మొగుడికి కూడా.

అందుకే మూడు వారాలుగా ఆ బేరం చెడగొట్టడానికి చెయ్యని ప్రయత్నం లేదు. తుప్పంది, రంగు బాగాలేదంది, ఎండకి మొహం నల్లబడుతుందంది. చిట్టి వినలేదు. చివరికి "పోనీ ధర నువ్వే కట్టు వదినా, నాకేం తెలుసు" అంది. ఎనిమిది లక్షలు అడుగుతున్న బండికి ఐదు చెప్పమంది షెడ్డక్క. ఆ అంకె వినగానే డాక్టరు మొహం మీద తలుపు వేస్తాడని ఆవిడ ఎత్తు. డాక్టరేమో "సరే, ఆదివారం వచ్చి చూసుకుని తీసుకెళ్ళండి" అన్నాడు.

ఆ ఆదివారం ఇదిగో, వచ్చేసింది.

డాక్టరుగారి ఇల్లూ ఆసుపత్రీ ఒకే ఆవరణలో ఉన్నాయి. ముందు గదుల్లో పళ్ళు పీకుతారు, వెనక గదుల్లో అన్నం తింటారు. రెండింటికీ మధ్య సిమెంటు గచ్చు, ఆ గచ్చు మీద ఆకుపచ్చ కారు. పైకప్పు అప్పటికే మడిచి పెట్టాడు. కడిగి తుడిచాడు కూడా, అద్దాల మీద ఇంకా నీటి చారలున్నాయి.

గేటు బయటే చిట్టి వదిన మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"వదినా, ఈ ఒక్క పూట ఆ మొహం కాస్త మామూలుగా పెట్టు. చావు కబురు మోసుకొచ్చినదానిలా ఉన్నావు."

"నా మొహం పుట్టినప్పట్నుంచీ ఇంతే."

"కాదు. ఈ బండి పేరెత్తినప్పట్నుంచీ ఇలా అయింది. నాకు తెలియదనుకోకు." చిట్టి ఇంకేదో అనబోయి మింగేసింది. అదేమిటో ఇద్దరికీ తెలుసు. ఓర్వలేనితనం అన్న మాట అది. మూడు వారాలుగా ఇద్దరి మధ్యా తిరుగుతోంది గానీ, పైకి ఇంకా ఎవరూ అనలేదు.

పళ్ళ డాక్టరు భారీ మనిషి, గొంతు మాత్రం చిన్నది. వరండా మెట్ల మీద నుంచి ఒక చేత్తో నడుం పట్టుకుని దిగివచ్చాడు.

"యాక్సిడెంటు అయిన మాట దాచనమ్మా. ఎడమ పక్క గుద్దింది, కాయితాల్లో ఉంది. ఆ మాట చెప్పేసరికి వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోతున్నారు. ఏడుగురు వచ్చారు. అందులో ఒకాయన కారుకేసి చూడకుండా పన్ను చూపించుకుని పోయాడు. ధర అంటూ చెప్పింది మీరొక్కళ్ళే, అందుకే ఒప్పుకున్నాను. పైగా నాకిప్పుడు ఇందులో కూర్చోవడం వస్తోంది గానీ లేవడం రావట్లేదు. మొన్న నన్ను బయటికి లాగడానికి కాంపౌండరూ మా ఆవిడా ఇద్దరూ పట్టారు."

చిట్టి నవ్వింది. షెడ్డక్కకి కూడా నవ్వొచ్చేదే, వేరే రోజైతే. ఇంత మంచి మనిషి దగ్గర ఇంత అడ్డగోలు ధరకి బేరమాడామా అని ఒకపక్క, ఈ మంచి మనిషి మూడేళ్ళుగా ఇందులో తిరిగాడా అని ఇంకోపక్క. ఎటు తిరిగినా పొడుచుకుంటోంది.

పని మొదలెట్టింది. పనిలో పడితే చేతులు వణకవని ఆవిడ అనుభవం. జేబులోంచి నాణెం తీసి తలుపుకీ ముందు రేకుకీ మధ్య సందులో పెట్టి పై నుంచి కింద దాకా జార్చింది. ఎక్కడా తట్టుకోలేదు, ఎక్కడా వదులు కాలేదు. పల్చటి గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని తలుపు మీద పాకించింది. సొట్టలు నింపే పుట్టీ మందంగా పూసి ఉంటే అది జారిపోతుంది. జారలేదు. చిట్టి చేత తలుపు పదిసార్లు తీయించి వేయించింది. అన్నిసార్లూ ఒకే చప్పుడు. పైకప్పు వేయించి, బకెట్టు నీళ్ళు పోయించి, లోపల కూర్చుని చూసింది. వెనక మూల గుడ్డ అరిగిపోయి నీళ్ళు కారుతున్నాయి.

"ఇదొక్కటేనా?" అంది చిట్టి ఆశగా.

"ఆగు."

ఇక మిగిలింది అదొక్కటే. సంచిలోంచి గోనెపట్టా తీసి గచ్చు మీద పరిచి, ఎడమ తలుపు పక్కన వెల్లకిలా పడుకుంది షెడ్డక్క. దూలం అడుగున, వెనక చక్రం వైపు, బొటనవేలంత రబ్బరు మూత ఉంది. లోపలికి చేరిన నీళ్ళు పోవడానికి పెట్టిన కన్నం అది. గోరుతో మూత పీకింది. మట్టి రాలి కళ్ళలో పడింది.

"అక్కడేం చూస్తారమ్మా?" అన్నాడు డాక్టరు వంగబోయి, నడుం ఒప్పుకోక ఆగిపోయి.

"లోపల రేకు ఎలా ఉందో చూస్తానండీ. సన్నటి వైరు చివర కెమెరా ఉంటుంది, బొమ్మ ఫోన్లో కనిపిస్తుంది."

డాక్టరు ఒక్క క్షణం ఆవిడకేసీ, ఆ పీకిన మూతకేసీ చూశాడు. "సరే, మీరు చూస్తూండండి, నేను కాయితాలు పట్టుకొస్తాను" అని మెల్లగా మెట్లెక్కి లోపలికి వెళ్ళాడు.

షెడ్డక్క వైరు లోపలికి తోసింది. ఫోను చేతిలోనే ఉంది. కానీ కళ్ళు అటు తిరగడం లేదు. ఆరేళ్ళు ఈ లోపల ఏముందో తెలియక చచ్చింది. తీరా తెలుసుకునే సమయానికి ధైర్యం చాలలేదు, సిగ్గు లేకుండా చెప్పాలంటే అంతే.

"చిట్టీ, ఫోను నువ్వు పట్టుకో. నాకు మట్టి పడింది, కనబడట్లేదు. ఏముందో నువ్వు చెప్పు."

చిట్టికి ఇది అలవాటైన పని. రోజుకి ఎనభై మంది ఎముకలు చూసే మనిషి. గోనెపట్టా అంచున గొంతుకూర్చుని, ఫోను మీద నీడ పడేలా చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"చీకటిగా ఉంది... ఆఁ, ఇప్పుడు వెలుగొచ్చింది. గోడ మీద మైనంలాంటిది పూసి ఉంది."

"తుప్పు పట్టకుండా కొట్టేది. ఇంకా ముందుకి తోస్తున్నా. గుండ్రటి బుడిపెలేమైనా కనిపిస్తున్నాయా?"

"ఒకటుంది."

షెడ్డక్క వైరు ఇంకాస్త తోసింది. "ఒకటేనా?"

"కదిలించకుండా తోస్తే కదా చెప్పడానికి. ఆఁ. రెండు. మూడు. వరసగా ఉన్నాయి, చుక్కలు పెట్టినట్టు."

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. షెడ్డక్క వేసిన ఐదూ ముందు చక్రం వైపు ఉండాలి. కెమెరా వెళుతున్నది వెనక నుంచి. అంటే మొదట కనిపించేవి, అసలంటూ ఉంటే, ఆ పన్నెండే. ఆవిడకి ఆ లెక్క తెలుసు. తెలిసినా నమ్మడానికి మనసొప్పలేదు.

"లెక్కపెట్టు" అంది.

"నాలుగు, ఐదు, ఆరు. ఇక్కడ వంపు తిరిగింది. ఏడు. ఎనిమిది, తొమ్మిది..." పన్నెండు దాటింది. పదమూడు, పద్నాలుగు అంది. వరండాలో డాక్టరు ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్న అలికిడి వినిపిస్తోంది. "పదిహేను. పదహారు. పదిహేడు. తర్వాత గోడ అడ్డం వచ్చింది. పదిహేడు ఉన్నాయి వదినా. ఇంకా ఉండాలా?"

లోపలికి పోతున్న వైరు ఆగిపోయింది.

"వదినా. పదిహేడు అంటున్నా, వినబడుతోందా?"

కారు కింద నుంచి ఒక వింత చప్పుడొచ్చింది. చిట్టి వంగి చూస్తే వదిన వెల్లకిలా పడుకుని ఏడుస్తోంది. ఏడుపులోనే నవ్వుతోంది కూడా. కళ్ళలో పడ్డ మట్టి చెంపల మీదుగా చెవుల్లోకి కారుతోంది. ఎన్ని సంవత్సరాల తర్వాతో కడుపు నిండా గాలి పీల్చుకున్నట్టుంది ఆవిడకి. చచ్చి బతికినట్టయింది. ఎవరూ చచ్చిపోలేదు. ఎవరూ చచ్చిపోరు. ఆ గుంతా లేదు, ఆ విరిగిన బండీ లేదు, ఆరేళ్ళుగా పేపర్లో యాక్సిడెంటు వార్త కనబడినప్పుడల్లా కారు రంగు వెతుక్కున్నదంతా ఉత్తదే.

"ఏమైందే నీకు?" కంగారులో చిట్టి వదిన అని కూడా చూడకుండా 'ఏమే' అన్నంత పని చేసింది. చెయ్యి పట్టుకుని బయటికి లాగింది.

షెడ్డక్క గోనెపట్టా మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుని, మొదటి నుంచి చివర దాకా చెప్పేసింది. ఐదు వేశాక కరెంటు పోయిన సంగతి, అది శుక్రవారం. శనివారం పిల్లాడికి జ్వరమొచ్చి షెడ్డుకే వెళ్ళలేకపోయిన సంగతి. సోమవారం వెళ్ళేసరికి పై రేకు బిగింపులతో పట్టించి సిద్ధంగా ఉంటే, శుక్రవారమే లోపలంతా పూర్తిచేసి తనే బిగించి వెళ్ళాననుకుని, అంచులు వెల్డింగు చేసి మూసేసిన సంగతి. రెండు నెలల తర్వాత స్నానాల గదిలో గుర్తొచ్చిన సంగతి.

చిట్టి మొహంలో రంగులు మారాయి.

"మూడు వారాలు" అంది చివరికి. "మూడు వారాలుగా నా సుఖం చూసి నువ్వు ఓర్వలేకపోతున్నావనుకున్నాను వదినా. రాత్రి అన్నయ్యతో కూడా అన్నాను. అన్నయ్య చేత నాలుగు చీవాట్లు తిన్నాను. ఈ ముక్క ముందే చెబితే నీ సొమ్మేం పోయేది?"

"చెబితే నా షెడ్డులోకి మళ్ళీ ఎవడొస్తాడు? నువ్వు ఎవరికీ చెప్పవనే అనుకో. రోజూ నీ మొహం ఎలా చూడను? 'మా వదిన అతుకులు మర్చిపోయి బండి పంపించింది' అని నువ్వు అనుకుంటూ ఉంటే."

"అనుకునేదాన్నే" అంది చిట్టి దాచకుండా. "వారం రోజులు అనుకునేదాన్ని. తర్వాత అన్నం వడ్డించమని నీ దగ్గరికే వచ్చేదాన్ని." కోపంగా అంది గానీ, అంటూనే వదిన చెవి పక్కన ఉన్న మట్టి తన చున్నీతో తుడిచింది. "ఆరేళ్ళు ఒక్కదానివీ ఎలా మోశావు దీన్ని? పిచ్చిదానివి కాకపోతే."

"నేనే వేసి నేనే మర్చిపోయాను చూడు. వయసైపోతోంది."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వులో మూడు వారాల కసి సగం పోయింది. మిగతా సగం దారిలో పోతుందిలెండి.

డాక్టరు కాయితాలు పట్టుకుని వచ్చేసరికి ఇద్దరూ అలా నేల మీదే కూర్చుని ఉన్నారు. ఏమైందని ఆయన అడగలేదు. కాయితాలు కారు మీద పెట్టి, "ఐదుకి రాసేస్తానమ్మా" అన్నాడు.

"ఐదు కాదండీ, ఆరున్నర" అంది షెడ్డక్క.

కలం విప్పబోతున్న డాక్టరు ఆగాడు. చిట్టి వదినకేసి తిరిగింది. "నువ్వు ఎవరి పక్షం?"

"లెక్క పక్షం. దెబ్బ తగలకపోతే ఈ బండి పదికి పోతుంది. తగిలింది కాబట్టి జనానికి భయం, ఆ భయానికి మూడు తీసెయ్యాలి. అది తప్పదు, రేపు నువ్వు అమ్మబోయినా అంతే తగ్గించి అడుగుతారు. మిగిలింది ఏడు. పైకప్పు గుడ్డకి యాభై వేలు. అది పోతే ఆరున్నర. లోపల రేకు కొత్తదానిలా ఉంది, దానికి మాత్రం పైసా తగ్గించడానికి లేదు. నేను ఐదన్నది ధర కాదు చిట్టీ, నిన్ను ఆపడానికి వేసిన అడ్డుపుల్ల."

"నేను ఐదుకి మాటిచ్చానమ్మా" అన్నాడు డాక్టరు నొచ్చుకుంటూ. "మాటిచ్చాక లక్షన్నర ఎక్కువ పుచ్చుకుంటే మా ఆవిడ నన్ను లోపలికి రానివ్వదు."

"మాట మీరిచ్చారు. తప్పుడు లెక్క నేనిచ్చాను. ఈ బండి ఆరేళ్ళ కిందట బాగుచేసింది నేనేనండీ. లోపల ఏముందో నాకే నమ్మకం లేక అంత తక్కువ చెప్పాను. ఇప్పుడు చూసుకున్నాను, నమ్మకం కుదిరింది."

డాక్టరు ఆ మాటకి ఆశ్చర్యపోతాడని ఆవిడ అనుకుంది. పోలేదు. తలూపాడు, అంతే. ఆవిడ ఉన్న హడావుడిలో అది పట్టించుకోలేదు.

"నా మాట ఎవరైనా వింటారా?" అంది చిట్టి. "డబ్బులిచ్చేది నేను. బ్యాంకులో ఉన్నదే ఆరు లక్షల ముప్ఫై వేలు. ఆ ముప్ఫై ముట్టుకుంటే కారు ఉంటుంది, పెట్రోలు ఉండదు. కదలని బండిలో కూర్చుని ఆకాశం చూసే బదులు మా వీధిలో కుర్చీ వేసుకున్నా చాలు."

అలా మొదలైంది తిరకాసు బేరం. అమ్మేవాడు ఐదుకి పైన వద్దంటాడు, కొనేవాళ్ళ తరఫు మనిషి ఆరున్నరకి కింద ఒప్పుకోదంటుంది. ఐదుంపావు అన్నాడు. ఆరుంపావు అంది. మీ షెడ్డుకి నా పాత స్కూటరు కూడా పంపిస్తాను, రంగు వేసి పెట్టండి, అది కలుపుకోండి అన్నాడు. స్కూటరు లెక్క స్కూటరుదే, దాన్ని దీంట్లో కలపకండి అంది. ఈలోపు డాక్టరుగారి భార్య మూడు గ్లాసుల్లో టీ తెచ్చి, ఇద్దరి వాదనా కాసేపు విని, "ఆరు" అనేసి లోపలికి వెళ్ళిపోయింది. చిట్టి చెక్కు రాసింది.

రాసి, చేతికి వచ్చిన తాళాలు రెండుసార్లు ఎగరేసి పట్టుకుంది. షెడ్డక్క మళ్ళీ పడుకుని రబ్బరు మూత పెట్టేస్తోంది. ఒంట్లో బరువంతా దిగిపోయింది. ఇంటికెళ్ళి కడుపునిండా తిని, పట్టపగలే పడుకుని, సాయంత్రం దాకా లేవకూడదనుకుంది. మొగుడికి ఇవాళే చెప్పెయ్యాలి. చెబితే తిడతాడు, తిట్టనీ.

"వదినా, ఇది ఇద్దరు చేసిన పని."

చిట్టి టీ తాగుతూ ఫోన్లో నిలిచిపోయిన బొమ్మల్ని వెనక్కీ ముందుకీ తిప్పుతోంది.

"ఏమిటీ?"

"ఇలా చూడు. చివర ఐదు చుక్కలున్నాయి కదా, ముందు చక్రం దగ్గర. అవి ఉత్త చుక్కలు. ఇటు పన్నెండూ అలా లేవు. ఒక్కో చుక్క పక్కనే ఇంకో చిన్నది, బియ్యపు గింజంత. ప్రతిదానికీ ఉంది. ఒక మనిషి చెయ్యి మధ్యలో ఇలా మారదు. మా దగ్గర కట్టు కట్టినా ఏ డాక్టరు కట్టాడో చూసి చెప్పేస్తాం."

షెడ్డక్క ఫోను తీసుకుంది. ఈసారి కళ్ళు తిప్పుకోలేదు. పెద్ద చుక్క, పక్కన చిన్న చుక్క. పెద్దది, చిన్నది. పన్నెండు జతలు.

అలా వేసేవాడు ఆవిడ ఎరిగి ఒక్కడే. పెద్ద మేస్త్రి. నాన్నగారి కాలం నుంచీ షెడ్డులో ఉన్నవాడు. ఆవిడకి పద్దెనిమిదేళ్ళప్పుడు చేతికి తొడుగులిచ్చి, వెల్డింగు పట్టుకోవడం నేర్పినవాడు. "ఎందుకు మేస్త్రీ ఆ చిన్నది, గ్యాసు దండగ" అని ఎన్నోసార్లు నవ్వింది. "తోడుంటే గట్టిగా ఉంటుంది అమ్మాయ్" అనేవాడు. నాన్న పోయాక షెడ్డు తన చేతికొచ్చింది. తన చేతికొచ్చాక ఏం చేసిందో కూడా ఇప్పుడు గుర్తొచ్చింది, అడక్కుండానే.

అదే సోమవారం. పొద్దున్నే వెళ్ళేసరికి వెల్డింగు గ్యాసు సిలిండరు ముల్లు కిందికి దిగిపోయి ఉంది. ఎదురు కొట్టువాడు, మీ మేస్త్రి ఆదివారం మధ్యాహ్నం దాకా లోపల వెల్డింగు చేస్తూనే ఉన్నాడని చెప్పాడు. నెలనెలా గ్యాసు ఎందుకు తగ్గుతోందో అర్థంకాక చిరాకులో ఉన్న షెడ్డక్కకి అంతే చాలింది. పనివాళ్ళ ముందు, కార్ల కోసం వచ్చిన ఇద్దరు మనుషుల ముందు అడిగేసింది: సొంత పనులు చేసుకోవడానికి నా షెడ్డే దొరికిందా, నా గ్యాసే దొరికిందా అని. మేస్త్రి ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు. ఆకుపచ్చ కారు వైపు చూశాడు. ఆ పక్కన నిలబడ్డ మనిషిని చూశాడు. నోరు మూసుకున్నాడు. షెడ్డు తాళంచెవి బల్ల మీద పెట్టి, తన పనిముట్ల డబ్బా కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

ఆ పక్కన నిలబడ్డ మనిషి ఆకుపచ్చ కారు యజమాని. తన బండి ఎంతవరకూ వచ్చిందో చూసుకుందామని వచ్చినవాడు.

నోరు విప్పితే మేస్త్రి ఏం చెప్పాలి? అమ్మాయి పన్నెండు అతుకులు వదిలేసింది, నేనొచ్చి పూర్తిచేశాను అని, ఆ బండి యజమాని ముందే చెప్పాలి. చెప్పలేదు. దొంగ అనిపించుకుని వెళ్ళిపోయాడు గానీ చెప్పలేదు.

"వదినా, ఏమైంది? మళ్ళీ ఏడుస్తున్నావా?"

"నేను వెయ్యలేదు చిట్టీ" అంది షెడ్డక్క. "నేను నిజంగానే మర్చిపోయాను. ఇవి మేస్త్రి వేశాడు. నేను వెళ్ళగొట్టిన మేస్త్రి."

ఇంట్లో అందరికీ తెలిసిన గొడవే అది. చిట్టికి విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. టీ గ్లాసు మెల్లగా కింద పెట్టింది. "ఇప్పుడెక్కడున్నాడు?"

"తెలియదు. కనుక్కోలేదు." ఆ రెండో మాట అనడానికి సిగ్గేసింది ఆవిడకి. ఆరేళ్ళలో కారు కోసం ఎన్ని ఫోన్లు చేసిందో లెక్కలేదు. మనిషి కోసం ఒక్కటీ చెయ్యలేదు.

అప్పుడు డాక్టరు గొంతు సవరించుకున్నాడు. ఖాళీ గ్లాసుల కోసం వచ్చి అక్కడే నిలబడిపోయి, అంతా విన్నాడు.

"చెప్పొచ్చో లేదోనని ఇందాకట్నుంచీ ఆలోచిస్తున్నానమ్మా. మూడేళ్ళ కిందట ఈ బండి కొనే ముందు ఒక పెద్దాయన్ని తీసుకెళ్ళి చూపించాను. పళ్ళకి నా దగ్గరికి వస్తుండేవాడు, కార్ల పని తెలుసన్నాడు. ఆయన ఇంకెక్కడా చూడలేదు. ఈ తలుపు దగ్గర కూర్చుని, ఈ దూలం రెండుసార్లు తట్టి, కళ్ళు మూసుకుని తీసుకోండి అన్నాడు. అంత ధీమాగా ఎలా చెబుతారు అంటే, ఇది చేసిన అమ్మాయి చెయ్యి నాకు తెలుసు, మంచి చెయ్యి అన్నాడు. తను ముట్టుకున్నట్టు ఒక్క మాట అనలేదు."

షెడ్డక్క చేతిలో ఉన్న రబ్బరు మూత అలాగే ఉండిపోయింది.

"వెళ్ళేటప్పుడు ఇంకో మాట అన్నాడు. ఎప్పుడైనా ఒకావిడ వచ్చి, కింద పడుకుని, ఆ మూత పీకి లోపల చూస్తే, నాకొక్క ఫోను కొట్టండి అని. నాకు అర్థం కాలేదు గానీ సరే అన్నాను. ఇందాక కాయితాల కోసం లోపలికి వెళ్ళింది అందుకే."

"ఆయనతోనా మీరు మాట్లాడింది?" అంది షెడ్డక్క. "ఏమన్నారు?"

"లెక్క సరిపోయిందా అని అడిగాడు. అప్పుడే మీ మరదలు పదిహేడు అంది, అది చెప్పాను. అయితే వస్తున్నా అన్నాడు. ఇక్కడికి అరగంట దూరం."

షెడ్డక్క లేచి నిలబడింది. చేతులు తుడుచుకుంది, అవి పోయే మరకలు కావు. గేటు గడియ పైకి లేచిన చప్పుడైంది, తలుపు సగం తెరుచుకుంది. కారు విరిగిపోయిందని తెలిస్తే ఎవరికి ఏం చెప్పుకోవాలో ఆరేళ్ళుగా ప్రతిరోజూ మాటలు పేర్చుకున్న మనిషి, ఈ ఒక్కడికి ఏం చెప్పాలో ఒక్కసారి కూడా అనుకోలేదు.